ఒక్క మెట్టు జరిపితే శివరంజని

తెరమీద గుండె పగిలే ఘట్టం వస్తోందంటే తెలుగు చెవి ముందే శివరంజని రాగం కోసం ఎదురుచూస్తుంది. ఆ అలవాటు ఎంత బలమైందో హైదరాబాద్ యూసుఫ్‌గూడలో అడగాలి. కృష్ణానగర్ గల్లీల్లో కోరస్ పాడేవాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు ఇరుగుపొరుగు. అమీర్‌పేట నుంచి వచ్చే దారిలోనే సారథి స్టూడియో. మొత్తం హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే రూపుదిద్దుకుంది. సినిమానే బతుకుగా చేసుకున్న ఈ పేటలో కూడా శివరంజనిని ‘ఏడుపు రాగం’ అనేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

హార్మోనియం ముందు కూర్చుని ఒకటో శ్రుతిలో మోహన వాయించండి. సరిగపద, అయిదూ తెల్ల మెట్లే. ఇప్పుడు గాంధారాన్ని మాత్రం పక్కనున్న నల్ల మెట్టు మీదికి దించండి. అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వచ్చింది, అంతే. పెళ్లిపందిరిలా కళకళలాడిన మోహన కంటనీరు పెట్టే శివరంజని అయిపోతుంది. శాస్త్రం దీన్ని 22వ మేళకర్త ఖరహరప్రియకు జన్యమంటుంది. కచేరీల్లో దీనికి పెద్దపీట లేదు. చివర్లో తేలికపాటి తుకడాలకు పిలుస్తారు.

సినిమాలో దీనికి అసలైన గౌరవం ఇచ్చినవాడు రమేష్ నాయుడు. తమిళంలో 1975లో వచ్చిన ‘అపూర్వ రాగంగళ్’లో కథానాయిక పేరు భైరవి. ఆమెను పొగిడే పాట బాలమురళీకృష్ణ సృష్టించిన నాలుగు స్వరాల మహతితో మొదలై భైరవిలోకి వెళుతుంది. మరుసటి ఏడాది దాసరి ఆ సినిమానే తెలుగులో ‘తూర్పు పడమర’గా తీశారు. తమిళంలోలాగే ఇందులోనూ శ్రీవిద్యే నాయిక, పేరు మాత్రం శివరంజని. ఆమెను పొగుడుతూ సినారె రాసిన పాటను రమేష్ నాయుడు ఈ రాగంలోనే స్వరపరిస్తే బాలు పాడారు. అది విలాపం కాదు, ఆరాధన. 1978లో ‘శివరంజని’ సినిమాలో తారను చూసి మైమరచిన అభిమాని పాడే ‘అభినవ తారవో’ కూడా ఇదే రాగం. దాంట్లోనూ కన్నీటిచుక్క లేదు. ఈ రాగానికి విషాదం ఒక్కటే తెలుసనే మాటకు ఈ రెండు పాటలే జవాబు.

ఇంకో సంగతి ఉంది, నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అవే అయిదు మెట్లు ఉంచి, శివరంజని రిషభాన్ని షడ్జమంగా పట్టుకుని వాయిస్తే రేవతి వస్తుంది. గ్రహభేదం అంటారు దీన్ని. నేదునూరి కృష్ణమూర్తి గారు అన్నమయ్య ‘నానాటి బతుకు’ను ఆ రేవతిలోనే స్వరపరిచారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది ఇంటింటికీ చేరింది. తిరుమల వైరాగ్యం, సినిమా ప్రేమ ఒకే అయిదు మెట్ల మీద నడుస్తున్నాయి. తేడా అల్లా ఎక్కడ నిలబడి ‘స’ అంటున్నామన్నదే. శివరంజనినే గాంధారం నుంచి మొదలుపెడితే సునాదవినోదిని పలుకుతుంది.

యూసుఫ్‌గూడలో పిల్లలకు కీబోర్డు నేర్పే మాస్టార్లకు ఒక్క విన్నపం. శివరంజని వచ్చినప్పుడు సినిమా పాటతో ఆపేయకండి. అదే పాఠంలో మోహననూ రేవతినీ పక్కపక్కన వాయించి వినిపించండి.