బురద కింద మొదలయ్యే దీపస్తంభం

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్, ఏథెన్స్ అనే ఊళ్ల మధ్య, హడ్సన్ నది నడినీటిలో ఒక ఇటుక ఇల్లుంది. దాని కప్పు మీదున్న దీపం 1874 నుంచి, 'మిడిల్ గ్రౌండ్ ఫ్లాట్స్' అనే మేటకు తగలకుండా ఓడలను దాటిస్తోంది. చూసేవారి కళ్లు దీపం మీదికే పోతాయి. అసలు యంత్రం మాత్రం నీటి అడుగున ఉంది. మెత్తటి నదీగర్భంలోకి సుమారు 50 అడుగుల లోతున దాదాపు 200 కొయ్య దుంగలు దిగ్గొట్టి, వాటి మీద గ్రానైట్ దిమ్మె లేపారు. ఎగువవైపు దాన్ని ఓడ ముక్కులా కోసుగా మలిచారు. చలికాలం గడ్డకట్టిన నది పగిలి మంచు పలకలు కొట్టుకొచ్చినప్పుడు, ఆ మొన వాటిని చీల్చి పక్కలకు తప్పిస్తుంది.

నీళ్లలో కొయ్య ఇన్నేళ్లు ఎలా నిలిచింది? కొయ్యను తినే శిలీంధ్రాలకు ఆక్సిజన్ కావాలి. బురదలో పూడిన దుంగకు అది అందదు. పైగా దుంగ పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేదీ ఆ బురదే. ఇప్పుడు పెద్ద ఓడల పంకాలు రేపే సుడులకు అడుగుమట్టి కోసుకుపోయి దుంగలు బయటపడుతున్నాయి. అందుకే 2024లో అమెరికా జాతీయ వారసత్వ ట్రస్టు, తీవ్ర ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలో దీన్ని చేర్చింది.

ఉపగ్రహాలు దారి చెబుతుంటే ఈ దీపమెందుకని అడగవచ్చు. నావికుడి తెర ఆగిపోయిన రాత్రి కంటికి కనిపించే గుర్తే ఆధారం. ఆ అవసరం తీరిపోయిందనుకున్నా, మంచునూ మెత్తటి నేలనూ 19వ శతాబ్దపు ఇంజినీర్లు ఎలా నెగ్గారో చెప్పే సాక్ష్యం ఇది. పోనీ, ఒడ్డుకు చేర్చకూడదా? అదే నది మీద, మన్‌హటన్ అంచున ఉన్న చిన్న ఎర్ర దీపస్తంభాన్ని 1921లో శాండీ హుక్ నుంచి తెచ్చి నిలబెట్టిన మాట నిజమే. అది ఇనుప గోపురం, విప్పి బిగించవచ్చు. ఇక్కడ ఇల్లు, దిమ్మె, దుంగలు, బురద కలిస్తేనే ఒక కట్టడం. ఒడ్డున పెడితే ఆ మొన చీల్చేందుకు మంచే ఉండదు.

1982లో స్థానికులు సంఘంగా ఏర్పడి ఈ ఇంటిని కాపాడుకొచ్చారు. ఇకపై దాతలిచ్చే ప్రతి డాలరూ మొదట నీటి కిందికే వెళ్లాలి. దుంగల చుట్టూ మట్టి కోతను ఆపే ఉక్కు గోడ ముందు లేవాలి. పైకప్పు, రంగులు ఆ తర్వాతే.