కావడి లెక్కతో ఫ్లాట్ కొంటే

నర్సీపట్నం కుర్రాడికి విశాఖ వైపు ఉద్యోగం వచ్చిందంటే చాలు, ప్రొబేషన్ పూర్తయ్యేలోపే ఇంట్లో ఓ మాట మొదలవుతుంది. "అనకాపల్లిలో ఫ్లాట్ చూసేద్దాం మావయ్యా. అటు ఉద్యోగానికీ దగ్గరే, ఇటు మన ఊరికీ దగ్గరే." ఈ మాట పెళ్లి పందిళ్లలో విన్నాను, కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడినప్పుడూ విన్నాను. చెప్పేది ఇంజనీర్లు, మేష్టార్లు, బ్యాంకు ఉద్యోగులు. లెక్కలు బాగా వచ్చినవాళ్లే ఈ ఒక్క లెక్క దగ్గర తప్పుతున్నారు కాబట్టి కాస్త చిరాకుతోనే రాస్తున్నాను.

అనకాపల్లి మీద నాకేమీ కోపం లేదు. 2022 ఏప్రిల్ 4 నుంచి మన జిల్లా కేంద్రం అదే. కలెక్టరేట్‌లోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో పనిచేసేవాళ్లు అక్కడ నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఉద్యోగం మధురవాడ ఐటీ కంపెనీలో పెట్టుకుని, "మధ్యలో ఉంటుంది" అనే ఒక్క కారణంతో అనకాపల్లిలో కొనడం గురించే నా గొడవంతా.

ఇలా కొనేవాళ్ల బుర్రలో ఉండే బొమ్మ కావడి. బద్దకు ఒక కొసన ఆఫీసు, రెండో కొసన నర్సీపట్నం, మధ్యలో మన భుజం. రెండు బిందెలూ సమానమైతే భుజం నడిమధ్యన ఉంటుంది. ఒకటి బరువెక్కితే భుజం అటు జరుగుతుంది. ఎంత జరిగినా రెండు బిందెల మధ్యనే ఎక్కడో ఆగుతుంది తప్ప కొసదాకా పోదు. మనిషి కూడా అలాగే ఎక్కడో మధ్యలో ఆగాలని వీళ్ల నమ్మకం. కానీ ప్రయాణం కావడిలా తూగదు.

ఎందుకో చూద్దాం. ఏడాదికి పనిదినాలు 250 అనుకోండి. నర్సీపట్నానికి నెలకు రెండుసార్లు వెళ్లినా 24. మధురవాడ పక్కన ఉన్న మనిషి ఒక్క కిలోమీటరు ఊరివైపు జరిగాడు. ఊరికి వెళ్లిన ప్రతిసారీ రానూపోనూ రెండు కిలోమీటర్లు మిగిలాయి. అంటే ఏడాదికి 48. ఆఫీసుకు మాత్రం రోజూ రెండు కిలోమీటర్లు పెరిగాయి. అంటే 500. ఇంకో కిలోమీటరు జరగనివ్వండి, మళ్లీ 48 లాభం, 500 నష్టం. మూడో కిలోమీటరుకూ అంతే. ఏ కిలోమీటరు దగ్గరా ఈ బేరం మారదు. అలా నలభై కిలోమీటర్లు జరిగి అనకాపల్లి చేరేసరికి ఊరి ప్రయాణంలో 1,920 కిలోమీటర్లు మిగిల్చుకుని, ఆఫీసు ప్రయాణంలో 20,000 కిలోమీటర్లు నెత్తిన వేసుకున్నట్టు. కావడి మోసేవాడి భుజం మధ్యలో ఆగుతుంది. ఫ్లాట్ కొనేవాడు మాత్రం బరువైన బిందె దగ్గరికే పోయి కూర్చోవాలి.

ఈ లెక్క నా సొంతం కాదు. ఆల్ఫ్రెడ్ వెబర్ అనే జర్మన్ ఆర్థికవేత్త 1909లో, ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మీద పుస్తకం రాశాడు. ముడిసరుకు సరుకుగా మారేటప్పుడు బరువు తగ్గేదైతే ఫ్యాక్టరీ ముడిసరుకు దగ్గరికే వెళ్తుందని తేల్చాడు. దీనికి రుజువు కోసం జర్మనీ దాకా పోనక్కర్లేదు. గోవాడలో, ఏటికొప్పాకలో, పాయకరావుపేటలో చక్కెర ఫ్యాక్టరీలు ఎందుకు వెలిశాయి? టన్ను చెరకు గానుగాడితే వచ్చే పంచదార సుమారు క్వింటాలు. పైగా కొట్టిన చెరకు నిలవుంటే రసం, తీపి తగ్గిపోతాయి. తొమ్మిది వంతుల పిప్పినీ నీళ్లనూ విశాఖ దాకా మోసుకెళ్లే తెలివితక్కువ పని ఎవరూ చేయరు. కాబట్టే ఫ్యాక్టరీ చెరకుతోట పక్కకు వచ్చింది. మన చోడవరం రైతుకు పుస్తకం చదవకుండానే తెలిసిన సంగతి ఇది.  

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే? ఆయన పరవాడ ఫార్మా సిటీలో, ఆవిడ మద్దిలపాలెంలో. విశాఖకు ఒకవైపు సముద్రం, రెండోవైపు కొండలు. అందువల్ల నగరం గుండ్రంగా పెరగలేదు, జాతీయ రహదారి వెంట పొడుగ్గా సాగింది. లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, అన్నీ ఒక్క దారానికి గుచ్చినట్టు వస్తాయి. మన లెక్కకు ఇది మహా సులువు. ఇద్దరి పనిదినాలూ సమానమైతే, వాళ్ల ఆఫీసుల మధ్య ఎక్కడ కొన్నా ఇద్దరి ప్రయాణం మొత్తం మారదు. ఆయనకు కిలోమీటరు తగ్గితే ఆవిడకు కిలోమీటరు పెరుగుతుంది, అంతే. అప్పుడు తీర్పు చెప్పేది మూడో బరువు. అది పిచ్చుకంత అయినా సరే. పిల్లాడి కాలేజీ గాజువాకలో ఉంటే ఫ్లాట్ గాజువాకలో. పిల్లలింకా లేరు, మూడో బరువు నర్సీపట్నమే అయితే, రెండు ఉద్యోగాల్లో ఊరికి దగ్గరగా ఉన్న కొస వైపు, అంటే ఆయన వైపు. ఊరికి ఓటు దక్కేది ఇక్కడే.

అమ్మానాన్నలను కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. మనం ఊరికి వెళ్లే ప్రయాణాలే లెక్కేస్తాం గానీ, వయసు పెరిగేకొద్దీ ప్రయాణం తిరగబడుతుంది. కేజీహెచ్‌కో, హనుమంతవాకలోని విమ్స్‌కో, ఆరిలోవ హెల్త్ సిటీకో చూపించుకోవడానికి వాళ్లే వస్తారు. ఉదయం తొమ్మిదింటికి ఓపీ చీటీ అంటే ముందురోజు రాత్రే మన ఇంట్లో దిగాలి. ఆస్పత్రికి దగ్గరగా ఉన్న ఫ్లాట్ వాళ్లకు మేలా, ఊరికి ఇరవై కిలోమీటర్లు దగ్గరైన ఫ్లాట్ మేలా, అని వాళ్లనే అడగండి.

ఇక బరువైన బిందె దగ్గరే కూర్చోమన్నానని ఫ్యాక్టరీ గేటుకు ఆనుకుని మాత్రం కొనకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. 1961లో మొదలైనప్పుడు ఆ ఫ్యాక్టరీ ఊరి శివారులో ఉండేది. తర్వాత ఇళ్లు గోడ దాకా వచ్చాయి. ఫార్మా, రసాయనాల కంపెనీల్లో పనిచేసేవాళ్లు చూడాల్సింది గేటును కాదు, కంపెనీ బస్సు ఆగే చోటును. బి షిఫ్టు దిగి రాత్రి బస్సు వదిలిన చోటు నుంచి ఇంటికి నడిచి వెళ్లగలిగితే, పటంలో దూరం ఎంతున్నా అది దగ్గరే.

దూరం విషయంలో బ్రోచర్లను అసలు నమ్మకండి. నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌లో దిగి ఊరెక్కడని వెతుక్కున్న కొత్తవాళ్లను చూసిన మనకు ఇది వేరే చెప్పాలా! శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ కూడా ఆమదాలవలసలో ఉంటుంది. "భోగాపురం ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు", "గూగుల్ డేటా సెంటర్ పక్కన" అని వేసేవాళ్లదీ అదే పద్ధతి. డేటా సెంటర్లో నిండేవి యంత్రాలు. దాని పెట్టుబడి అంకె చూసి, అన్ని ఉద్యోగాలు వస్తాయనీ అన్ని ఫ్లాట్లకు గిరాకీ ఉంటుందనీ అనుకోవడం అమాయకత్వం.

ఇంతా చేసి, ఉద్యోగం మారితే? మారుతుంది. ఫ్లాట్ మారదు. అందుకే మొదటి ఏడాదో రెండేళ్లో అద్దెకు ఉండమంటాను. "అద్దె దండగ కదా" అంటారు. 40 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 34,700 కట్టాలి. మొదటి నెల అందులో 28,300 వడ్డీకే పోతుంది. ఏడాదంతా నాలుగు లక్షల పైచిలుకు కట్టాక అసలులో తగ్గేది 80 వేలు. వడ్డీ కూడా అద్దే, కాకపోతే బ్యాంకుకు కట్టే అద్దె. రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు ఏడున్నర శాతం. ఉద్యోగం మారి, ఇది అమ్మి ఇంకోటి కొంటే ఆ ఏడున్నర మళ్లీ మొదటి నుంచి.

పత్రాల సంగతి చాలామంది రాశారు. నేను ఒక్కటే నొక్కి చెబుతాను, 22-ఎ. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూముల సర్వే నంబర్లతో నిషేధిత జాబితా ఉంటుంది. ఆ నంబరుకు రిజిస్ట్రేషన్ కాదు. సింహాచలం పంచగ్రామాలు అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి. అక్కడ దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. ఇళ్లున్నాయి, కరెంటుంది, కుళాయిలున్నాయి, మనుషులు తరాలుగా ఉంటున్నారు. అమ్మాలంటేనే కుదరదు. బిల్డరు మీ చేతిలో పెట్టిన జిరాక్సులు చూసి కాదు, సర్వే నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది కదా అని ధీమా పడకండి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించని స్థలంలో కట్టినవాటికి, ఎనిమిది ఫ్లాట్లు మించనివాటికి రెరా నమోదు అక్కర్లేదు. మధ్యతరగతి కొనే అపార్ట్‌మెంట్లు కొన్ని ఆ కొలతలోనే ఉంటాయి.

అయినా ఫ్లాట్ చూడటానికి వెళ్లినవాళ్లు మొదట చేసే పని, ఫోన్లో దిక్సూచి తీసి గుమ్మం ముందు నిలబడటం. నాలుగో అంతస్తులో, ట్యూబ్‌లైటు వెలిగే కారిడార్లోకి తెరుచుకునే తలుపుకు తూర్పేమిటి, పడమరేమిటి? ఆ తలుపులోంచి ఏ సూర్యుడూ రాడు, లిఫ్టు దిగినవాళ్లే వస్తారు. బిల్డరుకు ఈ బలహీనత బాగా తెలుసు. తూర్పు గుమ్మానికి చదరపు అడుగుకు ఇంత అని కలిపేస్తాడు. ఫ్లాట్‌తో పాటు భూమిలో వచ్చే అవిభక్త వాటా గురించి మాత్రం ఎవరూ అడగరు. గోడలు పాతబడతాయి, ముప్పై నలభై ఏళ్లకు భవనం పడగొట్టాల్సి వస్తే చేతిలో మిగిలేది ఆ గజాలే. అదే కొలత ఉన్న పక్క ఫ్లాట్‌కు 45 గజాలు రాసి, తూర్పు గుమ్మానికి అదనంగా డబ్బిచ్చిన తనకు 38 గజాలే రాశారని, గృహప్రవేశం పిలుపులు కూడా అయిపోయాక, దస్తావేజు చివరి పేజీలో చదువుకుంటాడు మనవాడు.