స్కోరు పుస్తకం కోసం ఒక సీజన్ - 1920

మన హాస్టల్ గ్రౌండులో ఆదివారం ఆడే క్రికెట్ స్కోరు ఏదో ఒక నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటాం. పరీక్షలు కాగానే ఆ నోట్‌బుక్ పాత కాగితాలవాడికి పోతుంది. ఎవరు ఎంత బాగా ఆడారన్నది తర్వాత మాటల్లోనే మిగులుతుంది. అమెరికాలో నల్లజాతి బేస్‌బాల్ ఆటగాళ్ల పరిస్థితి ముప్ఫై ఏళ్లకు పైగా దాదాపు ఇలాగే ఉండేది. ఆట ఉంది, జనం ఉన్నారు, లెక్క మాత్రం లేదు. 1920లో వాళ్లు సొంతంగా ఒక సీజన్ నడుపుకున్నారు. ఆ సంగతులు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఆట గురించి ఈ మాత్రం తెలిస్తే చాలు. బంతి విసిరేవాడు పిచ్చర్. కొట్టినవాడు మూడు బేస్‌లు తాకి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్.

1884లో మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి యువకుడు టొలీడో జట్టు తరఫున పెద్ద లీగులోనే ఆడాడు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. 1887లో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు నల్లవారితో కొత్తగా ఒప్పందాలు చేసుకోరాదని ఓటు వేశారు. పెద్ద లీగులకైతే ఆ మాత్రం కాగితం కూడా అవసరం పడలేదు. నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు, కానీ ఒక్కరినీ తీసుకోలేదు. ఇది మనకు కొత్తగా అనిపించదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మాత్రం ఏ పంచాయతీ తీర్మానంలో రాసి ఉంది?

దాంతో నల్లవారు సొంత జట్లు పెట్టుకుని ఊరూరా తిరిగి ఆడారు. గ్రౌండు అద్దెకు ఇచ్చేవాళ్లు, మ్యాచ్‌లు కుదిర్చే ఏజెంట్లు టికెట్ డబ్బుల్లో వాటా పట్టుకుపోయేవారు. ఇంకో జట్టు పది డాలర్లు ఎక్కువిస్తానంటే ఆటగాడు మధ్యలోనే వెళ్లిపోయేవాడు. ఎవరు ఎవరితో ఎన్నిసార్లు ఆడాలన్న పట్టిక లేదు కాబట్టి విజేత ఎవరన్నదీ తేలేది కాదు. ఒక్కొక్క ఏడాది ఇద్దరు ముగ్గురు "మేమే చాంపియన్లం" అని ప్రకటించుకునేవారు.

దీన్ని మార్చాలని పట్టుబట్టినవాడు రూబ్ ఫోస్టర్. 1879లో టెక్సాస్ రాష్ట్రంలోని కాల్వర్ట్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టర్. కుర్రవాడు పేరున్న పిచ్చర్ అయ్యాడు, ఆ తర్వాత చికాగో అమెరికన్ జెయింట్స్ జట్టుకు యజమాని, మేనేజర్ కూడా అయ్యాడు. అంతకుముందు ఏడాది, 1919 జూలైలో, చికాగోలో జాతి అల్లర్లు జరిగి 38 మంది చనిపోయారు. అలాంటి రోజుల్లో 1920 ఫిబ్రవరి 13న కాన్సాస్ సిటీలో నల్లవారి వై.ఎం.సి.ఏ. భవనంలో జట్ల యజమానులు సమావేశమయ్యారు. నియమావళి రాయడానికి నల్లజాతి పత్రికల విలేఖరులు, ఒక లాయరు కూర్చున్నారు. ఈ విషయం మాకు చాలా నచ్చింది. ఆటగాళ్లకు ఏం లోటుందో స్కోరులు రాసే విలేఖరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అలా నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. 'నీగ్రో' అన్నది ఆ రోజుల మాట, ఇప్పుడు వాడరు.

చికాగో నుంచి రెండు జట్లు, డెట్రాయిట్, ఇండియానాపొలిస్, సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ, డేటన్ నుంచి ఒక్కొక్కటి, క్యూబా ఆటగాళ్లతో క్యూబన్ స్టార్స్, మొత్తం ఎనిమిది. కాన్సాస్ సిటీ మోనార్క్స్ యజమాని విల్కిన్సన్ ఒక్కడే తెల్లవాడు. మే 2న ఇండియానాపొలిస్‌లో తొలి మ్యాచ్ జరిగింది. ఇండియానాపొలిస్ ఏబీసీస్ 4-2 తేడాతో చికాగో జెయింట్స్‌ను ఓడించింది.

సీజన్ సాఫీగా సాగిందనుకోవద్దు. ఆ ఏడాది తెల్లవారి రెండు పెద్ద లీగుల్లో 16 జట్లు, జట్టుకు 154 మ్యాచ్‌లు చొప్పున పట్టిక ఉండేది. ఇక్కడ క్యూబన్ స్టార్స్‌కు, చికాగో జెయింట్స్‌కు సొంత గ్రౌండే లేదు, సీజన్ అంతా ప్రయాణమే. మిగతావాళ్లలోనూ చాలామందివి అద్దె గ్రౌండులే. తెల్లవారి జట్టు ఊళ్లో లేని రోజు చూసుకుని ఆడాలి. అందుకే ఒకరు ఎక్కువ మ్యాచ్‌లు, ఒకరు తక్కువ ఆడారు.

ఫోస్టర్ ప్రతి మ్యాచ్ వసూళ్లలో 5 శాతం లీగు పేరున తీసుకునేవాడు. కష్టాల్లో ఉన్న జట్లకు అప్పులిచ్చి ఆదుకున్నదీ ఆయనే. బలాలు సమంగా ఉండాలని మేటి ఆటగాడు ఆస్కార్ చార్ల్‌స్టన్‌ను తన జట్టు నుంచి ఇండియానాపొలిస్‌కు వదులుకున్నాడు. అయితే లీగు అధ్యక్షుడూ ఆయనే, ఒక జట్టు యజమానీ ఆయనే, మ్యాచ్‌ల పట్టిక వేసేదీ ఆయనే. మిగతా యజమానులు గొణిగారు. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉందనే మా అభిప్రాయం.

ఆయన జట్టు ఆట మాత్రం చూడదగ్గది. బంతిని బలంగా బాదకుండా బ్యాటుతో మెల్లగా తోసి పరుగెత్తడాన్ని 'బంట్' అంటారు. ఫోస్టర్ అందరిచేతా అది సాధన చేయించేవాడు. క్యూబా నుంచి వచ్చిన టోరియెంటే ఆ జట్టులో పెద్ద బ్యాట్స్‌మన్. ఏడాది చివరికి చికాగో అమెరికన్ జెయింట్స్ మొదటి స్థానంలో నిలిచింది. ఎన్ని గెలిచిందన్న లెక్క ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ సెప్టెంబరులోనే అదే నగరంలోని తెల్లవారి వైట్ సాక్స్ జట్టు ఆటగాళ్లు లంచం తీసుకుని 1919 ఫైనల్స్ ఓడిపోయారన్న కుంభకోణం బయటపడింది. తర్వాతి ఏడాది ఎనిమిది మందిని శాశ్వతంగా బహిష్కరించారు.

డేటన్ జట్టు ఒక్క సీజన్‌తోనే తప్పుకుంది. 1926లో ఫోస్టర్‌కు మతి చలించింది. 1930 డిసెంబరు 9న ఆసుపత్రిలోనే చనిపోయాడు. 1931తో ఆ లీగు కూడా ఆగిపోయింది. కానీ మోనార్క్స్ జట్టు నిలిచింది. 1945లో ఆ జట్టుకు ఆడిన జాకీ రాబిన్సన్ 1947లో పెద్ద లీగులో అడుగుపెట్టాడు.

2020 డిసెంబరులో, అంటే సరిగ్గా వందేళ్లకు, 1920-48 మధ్య నడిచిన ఏడు నల్లజాతి లీగులు కూడా 'మేజర్ లీగులే' అని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ ఒప్పుకుంది. 2024 మేలో వాటి అంకెలను అధికారిక రికార్డుల్లో చేర్చింది. దాంతో బ్యాటింగ్ సగటులో టై కాబ్ (.367) వెనక్కి వెళ్లి, తర్వాతి తరం నల్లజాతి క్యాచర్ జాష్ గిబ్సన్ (.372) మొదటి స్థానానికి వచ్చాడు. ఈ అంకెలన్నీ పరిశోధకులు పాత పత్రికల్లోని స్కోరులను ఒక్కొక్కటిగా వెతికి కూర్చినవే. కొన్ని మ్యాచ్‌ల స్కోరులు ఇంకా దొరకలేదు.