ఒళ్లంతా రంపమైన చిన్న పింజర

హైదరాబాద్–బెంగళూరు రహదారి కృష్ణను దాటే చోట బీచుపల్లి. ఆంజనేయస్వామి గుడి పక్కనే ఏరు. ఏటిని వదిలి గద్వాల వైపు సాగితే రాళ్లగుట్టలు, ముళ్లపొదలు, వేరుశనగ చేలు. చిన్న పింజర అనే పాము కోరుకునేది ఇలాంటి మెట్టనే. అరేబియా ఇసుకలో, రాజస్థాన్ ఎడారిలో తిరిగే జాతే ఇది.

◆ పొడవు సాధారణంగా 30 నుంచి 60 సెంటీమీటర్లు. తలమీద బాణం ములికి లాంటి తెల్లటి గుర్తు. పైకి పిల్లపాములా కనిపించినా, మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో ఇదొకటి. మిగతావి నాగుపాము, కట్లపాము, రక్తపింజర.

◆ బెదిరితే ఒంటిని మెలికలుగా చుట్టి, పక్కల ఉన్న గరుకు పొలుసులను ఒకదానికొకటి రాస్తుంది. కర్ర కోస్తున్నట్టు కరకరమని చప్పుడొస్తుంది. బుస కొడితే ఊపిరితో పోయే తేమను ఇలా మిగుల్చుకుంటుందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

◆ ఎలుకలు, బల్లులు, కప్పలే కాదు, తేళ్లనూ జెర్రులనూ తింటుంది.

◆ మన చిన్న పింజర పిల్లల్ని కంటుంది. ఆఫ్రికాలోని దాని దాయాదులు కొన్ని గుడ్లు పెడతాయి.

◆ విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన కోరమాండల్ తీరపు పాముల గ్రంథంలో దీని బొమ్మ ఉంది.

◆ దీని విషంలోని ఎకారిన్ రక్తాన్ని ముందు గడ్డకట్టిస్తుంది. ఒంట్లో గడ్డకట్టించే సరుకంతా అలా ఖర్చయిపోయాక రక్తం ఇక ఆగదు. చిగుళ్ల నుంచి, పాత పుండ్ల నుంచి కారుతుంది. అందుకే ఆసుపత్రిలో కొద్దిగా రక్తం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. విరుగుడు మందు ఎక్కించాలి. కరిచిన చోట కోయడం, తాడు బిగించడం మేలు చేయకపోగా కీడు చేస్తాయి. కాలో చెయ్యో కదలకుండా పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

◆ ఇదే విషంలోని ఎకిస్టాటిన్ అనే పదార్థాన్ని చూసి తయారుచేసిన టైరోఫిబాన్ అనే మందును గుండెజబ్బు రోగులకు వాడుతున్నారు. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది.

◆ విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి వస్తుంది. వాటికి ఎక్కించే విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుళ గిరిజనులు పట్టిన పాములది. వాళ్ల సహకార సంఘం 1978లో పుట్టింది. ఒకే జాతి పాముల్లోనూ విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి గద్వాల చుట్టుపక్కల నడిగడ్డ చేలల్లోని పాముల విషాన్నీ సేకరించి, ఆ మందు దానిమీద ఎంత బాగా పనిచేస్తుందో పరీక్షించాలి.