పోయిన తాళపుచెవి, పలుకని గేటు

మా సంఘములోని ఒక రైతు కుమార్తె పట్టణములో ఉద్యోగము చేయుచు, ఉద్యోగినుల హాస్టలులో ఉంటున్నది. ఆ అమ్మాయి బస్సులో తాళపుచెవి పోగొట్టుకొన్నది. తండ్రి కంగారుపడి మమ్మును వెంటబెట్టుకొని వెళ్లాడు.

"అయ్యగారూ, చెవి దొరికినవాడు లోపలికి రాడా? తాళము మార్చించాలి గదా!" అన్నాడు.

వార్డెనుగారు "తాళము మార్చనక్కరలేదండీ, కంప్యూటరులో ఆ చెవిని కొట్టివేశాము" అన్నారు. ఆయనకు నమ్మకము కుదరలేదు. నిజము చెప్పవలెనంటే మాకును కుదరలేదు. పిల్లలను పట్టణములకు పంపు కుటుంబములకు పనికివచ్చునని, అక్కడ అడిగి తెలిసికొన్న సంగతి వ్రాయుచున్నాము.

ఆ చెవికి పండ్లు లేవు. కోటు బొత్తామంత ఉక్కు బిళ్ల. దీనిని ఐబటన్ అంటారు. అమెరికాలోని డల్లాస్ సెమీకండక్టర్ కంపెనీ రూపొందించినది. లోపలి చిప్పులో ఫ్యాక్టరీలోనే చెక్కిన సంఖ్య ఉండును. 48 బిట్ల ఆ సంఖ్య 281 లక్షల కోట్లకు పైగా విధములుగా ఉండవచ్చు గనుక ఒక బిళ్లకు ఇచ్చినది మరియొక దానికి ఇయ్యరు. బ్యాటరీ లేదు. గేటు ప్రక్కనున్న రీడరుకు తాకించగానే అక్కడి కరెంటునే తీసికొని తన సంఖ్య చెప్పును.

రీడర్లన్నిటిని ఆఫీసులోని కంప్యూటరుకు కలుపునది మెలివేసిన ఒక జత తీగ. ఈ పద్ధతి పేరు ఆర్‌ఎస్-485. మామూలుగా ఒక తీగమీద 32 స్టేషన్లు, 1200 మీటర్ల దూరము వరకు పనిచేయును. అన్నియు ఒకేసారి మాట్లాడితే ఏదియు అర్థము కాదు గదా! అందుచేత బడిలో హాజరు పిలిచినట్లు కంప్యూటరు ఒక్కొక్క స్టేషనును నంబరుతో పిలుచును. పిలువనిదే ఏదియు పలుకదు. తీగ కూడ స్టేషను నుండి స్టేషనుకు గొలుసువలె పోవలెను గాని కొమ్మలుగా చీలకూడదు. రెండు కొసలందు 120 ఓముల రెసిస్టరు లేనియెడల సంకేతము కొసకు తగిలి వెనుకకు వచ్చి మాటలు చెడును.

మరి తీగ తెగితే? రాత్రివేళ ఆడపిల్లలు బయట నిలువకూడదని, ఎవరిని రానియ్యవలెనో ఆ జాబితా ప్రతి స్టేషనులోను ఒక నకలు ఉంచుతారు. కంప్యూటరు ఆగినను గేటు తెరచుకొనును. మంచి ఏర్పాటే. అయితే చెవిని కొట్టివేసిన సంగతి ప్రతి నకలుకు చేరవలెను.

మా రైతు అడిగినది ఇదే. "అన్ని గేట్లకూ తెలిసిందామ్మా?"

వార్డెనుగారు తెర చూచారు. గొలుసులో చివరిదైన వెనుక గేటు హాజరు పలుకుటలేదు. ఎలుక తీగ కొరికినదట, పదునైదు దినములుగా ఎవరును చూడలేదు. పోయిన చెవికి ఆ గేటు ఇంకను తెరచుకొనును!

బయట గొలుసు వేద్దామని ఒకరన్నారు. అగ్నిప్రమాదము జరిగితే పిల్లలు ఏ దారిన బయటపడతారు? చెవి లేకున్నను, కరెంటు పోయినను లోపలినుండి తలుపు తెరచుకోవలెను. కాబట్టి ఆ రాత్రికి అక్కడ వాచ్‌మన్‌ను కూర్చుండబెట్టారు.

మరునాడు ఎలక్ట్రీషియను తీగ మార్చాడు. స్టేషను పలికినది, కొత్త జాబితా చేరినది. రైతు అంతటితో కదలలేదు. వార్డెనుగారు ఆఫీసులోని అదనపు బిళ్ల ఒకటి కొట్టివేసి, దానిని వెనుక గేటుకు తాకించారు. ఎర్ర దీపము వెలిగినది, గేటు తెరచుకోలేదు. అప్పుడు గాని ఆయన బస్సుస్టాండుకు బయలుదేరలేదు.