మన ఫోన్‌లో పదిమంది గుట్టు

అప్పు చేసింది ఒకరైతే, బెదిరింపు ఫోన్లు వెళ్లింది వాళ్ల చుట్టాలకు, స్నేహితులకు, ఆఫీసులో పైవాళ్లకు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నాక, పోలీసులు హైదరాబాద్, గురుగ్రామ్‌లలోని కాల్‌సెంటర్లపై దాడులు చేశారు. ఈ యాప్‌లకు హ్యాకింగ్‌తో పనే పడలేదు. ‘కాంటాక్ట్స్ చూడనివ్వాలా?’ అని అడిగాయి. చేతిలో డబ్బులేని మనిషి ‘అలో’ నొక్కేశాడు.

ఆ ఒక్క నొక్కుతో ఏమేం వెళ్తాయో చూడండి. మనం నంబర్లను ఉత్త పేర్లతో సేవ్ చేసుకోం. ‘అమ్మ’, ‘చిన్నత్త’, ‘మేనేజర్ సార్’, ‘పాప స్కూల్ మేడం’, ‘షుగర్ డాక్టర్’, ‘చిట్టీల ఆంటీ’ అని రాసుకుంటాం. ఎవరికి ఫోన్ చేస్తే మన పరువు పోతుందో, ఇంట్లో ఏ జబ్బుందో, చిట్టీ ఎవరి దగ్గర కడుతున్నామో ఆ పట్టికే చెప్పేస్తుంది. 400 నంబర్లున్న ఫోన్‌లో ‘అలో’ అన్నామంటే, ఆ 400 మందినీ అడక్కుండా వాళ్ల తరఫున మనం సంతకం పెట్టినట్టే.

1,100లో 600

2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రిజర్వు బ్యాంకు కార్యబృందం 81 యాప్ స్టోర్లు వెతికితే, మన దేశంలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే లోన్ యాప్‌లు దాదాపు 1,100 తేలాయి. అందులో 600 అక్రమమైనవి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు తెచ్చింది. లోన్ యాప్ కాంటాక్ట్స్, కాల్ లాగ్‌లు, ఫైళ్లు, ఫోటోల జోలికి పోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ కావాలంటే ఖాతా తెరిచేటప్పుడు, అడిగి, ఒక్కసారే వాడుకోవాలి. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫోటోలు అందకుండా నిషేధం పెట్టింది. అయితే వాట్సాప్‌లో లింకు పంపి ఏపీకే ఫైల్‌గా ఎక్కించే యాప్‌కు ప్లే స్టోర్ తనిఖీ ఉండదు.

వద్దన్నా ఆగని 1,325

మరి ‘డినై’ నొక్కితే సరిపోతుందా? అమెరికాలోని బర్క్‌లీలో ఇంటర్నేషనల్ కంప్యూటర్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 88,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించారు. అనుమతి లేకున్నా పక్కదారిన సమాచారం లాగే ఏర్పాటున్నవి 1,325 బయటపడ్డాయి. అంటే నూటికి ఒకటిన్నర.

ఒక పక్కదారి ఫోటో. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటోలోనూ అక్షాంశ రేఖాంశాలు దాక్కుంటాయి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే చాలు, చోటు దాదాపు 11 మీటర్ల తేడాలో దొరికిపోతుంది. లొకేషన్ ఇవ్వకపోయినా గ్యాలరీ ఇచ్చామంటే యాప్‌కు ఇల్లు తెలిసినట్టే. ఇంకో దారి ఎస్‌డీ కార్డు. అనుమతి ఉన్న యాప్ ఫోన్ గుర్తింపు సంఖ్యను అక్కడ రాసిపెడుతుంది, అనుమతి లేని యాప్ వచ్చి చదువుకుంటుంది. రెండింటిలోనూ ఒకే కంపెనీ కోడ్ ఉంటే ఇది సాధ్యమే. ఇలాంటి కన్నాల్లో కొన్నింటిని ఆండ్రాయిడ్ 10లో పూడ్చారు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్లకు ఆ రక్షణ అందలేదు.

పేరు లేకున్నా పట్టిచ్చే 4 చుక్కలు

‘మేం మీ పేరు సేకరించం’ అని యాప్‌లు అంటుంటాయి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, పేర్లు తీసేసిన 15 లక్షల మంది ఫోన్ల కదలికలను 15 నెలల మేర పరిశీలించారు. ఎప్పుడు ఎక్కడున్నారో చెప్పే నాలుగే నాలుగు వివరాలతో 95 శాతం మందిని గుంపులోంచి విడిగా గుర్తుపట్టవచ్చని తేలింది. రాత్రి ఉండే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు ఉద్యోగం. ఇక పేరెందుకు?

రూ.250 కోట్లు ఎవరికి?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాను కాపాడటంలో విఫలమైన సంస్థకు రూ.250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. జరిమానా సొమ్ము మాత్రం ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. కాబట్టి సమాచారం పోయాక పోరాడటం కన్నా పోకుండా చూసుకోవడమే మనకు లాభం.

ఇప్పుడే చేయగలిగినవి

సెట్టింగ్స్‌లోని సెర్చ్‌లో ‘పర్మిషన్ మేనేజర్’ అని వెతికి, ముందు కాంటాక్ట్స్ తెరవండి. ఫోన్లకు, మెసేజ్‌లకు వాడేవి ఉంచి మిగతావి తీసేయండి. ఆండ్రాయిడ్ 12, ఆ పైవాటిలో ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డ్’ చూస్తే గత 24 గంటల్లో లొకేషన్, కెమెరా, మైక్ ఏ యాప్ వాడిందో గంటలతో సహా కనిపిస్తుంది. వాతావరణం చెప్పే యాప్‌కు మన వీధి తెలియనక్కర్లేదు, ఊరు తెలిస్తే చాలు. ‘ప్రిసైజ్ లొకేషన్’ ఆపేయండి. ఆండ్రాయిడ్ 14లో గ్యాలరీ అంతా ఇవ్వకుండా ఎంచుకున్న ఫోటోలే ఇవ్వొచ్చు. వాడని యాప్‌లను తీసేయండి, కానీ అప్పటికే వెళ్లిపోయిన డేటా దాంతో వెనక్కి రాదని గుర్తుంచుకోండి. అప్పు కోసమైతే రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో 2025 జులై నుంచి ఉన్న డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో చూసుకున్నాకే అడుగు వేయండి.

ఇప్పటికే బెదిరింపులు వస్తుంటే స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జరిగింది ఇదీ అని మీ కాంటాక్ట్స్‌లోని వాళ్లకు మీరే ముందుగా చెప్పేయండి. వాళ్లకు తెలుస్తుందేమోనన్న మన భయమే వేధించేవాళ్ల పెట్టుబడి.