బుడ్డల వేరుకంటిన మన్ను, సాలు నడిమి మన్ను

కర్నూలు జిల్లా సి.బెళగల్ చేలల్లో బుడ్డలు (వేరుశనగ) పెరికి విదిలిస్తే మన్ను చాలావరకు రాలిపోతుంది. వేళ్లను వదలని కాస్త మన్నే మిగులుతుంది. దానికీ, రెండు సాళ్ల నడిమి మన్నుకూ కంటికి తేడా తెలియదు. వాటిలో బతికే బ్యాక్టీరియా మాత్రం వేరు. వేరు చుట్టూ ఉండే ఆ పలుచని పొరకు 1904లోనే జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ రైజోస్పియర్ అని పేరుపెట్టాడు.

తేడాకు కారణం తిండి. ఆకుల్లో తయారైన చక్కెరల్లో కొంత వేళ్లగుండా మట్టిలోకి దిగుతుంది. అది తిని గబగబా పెరిగేవి అక్కడ గుంపు కడతాయి. సాలు నడుమ తిండి కరువు కాబట్టి ఉన్నదాంతో నెమ్మదిగా నెట్టుకొచ్చేవే ఎక్కువ. అందుకే వేరు దగ్గర సంఖ్య పెరిగినా రకాలు తరచూ తగ్గుతాయి.

వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగుంటే బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టే. ఆకుపచ్చగా ఉంటే పని ఆగిపోయిందన్నమాట. బెల్లం నీళ్లతో విత్తనాలకు పట్టించే రైజోబియం కల్చర్ ఈ కోవదే.

మిగతావి బుడిపెలు కట్టవు, కంటికి దొరకవు. ప్రయోగశాల పళ్లెంలో పెంచుదామంటే మట్టి బ్యాక్టీరియాలో చాలామటుకు అక్కడ మొలవనే మొలవవు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి సూక్ష్మజీవుల చుట్టరికాలు తేల్చాక దారి దొరికింది. ఇప్పుడు మట్టిలోంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, ఆ ఆర్‌ఎన్‌ఏకు చెందిన 16ఎస్ అనే జన్యువును చదివి ఏ రకం ఎంత వాటా ఉందో చెబుతున్నారు.

వాటా అన్నాను, లెక్క అనలేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఒక రకం వేరు దగ్గర విపరీతంగా పెరిగితే మిగతావాటి శాతం దానంతటదే పడిపోతుంది. అవి ఒక్కటీ చచ్చి ఉండకపోవచ్చు. పైగా చచ్చినవాటి డీఎన్‌ఏ కూడా మట్టిలో కొన్నాళ్లు నిలిచి, బతికున్నవాటితో కలిసి లెక్కకొస్తుంది.

ఎర్రనేలను నల్లరేగడితో పోల్చబోతే ఇంకో తిరకాసు. రేగడిలోని బంక డీఎన్‌ఏను గట్టిగా పట్టుకుంటుంది. బయటికి తక్కువ వచ్చిందని లోపల తక్కువుందనుకుంటే పొరపాటే. నేల ఆమ్లమా క్షారమా అన్నదీ చూడాలి. 2006లో ఫియరర్, జాక్సన్ అమెరికా ఖండాల నేలలను పోలిస్తే, బ్యాక్టీరియా వైవిధ్యాన్ని వానకన్నా ఎండకన్నా ఈ గుణమే ఎక్కువగా శాసిస్తున్నట్టు తేలింది.

కాబట్టి ఒక్క మొక్క, ఒక్క గుప్పెడు మన్నుతో తీర్పు చెప్పలేం. ఒకే చేనులో చాలాచోట్ల, ఒకే లోతులో, ఒకేరోజు రెండు రకాల మన్నూ తీసి వెంటనే ఐసులో పెట్టాలి. వేరు మన్ను నమూనాలు తమలో తాము ఎంత తేడాగా ఉన్నాయో, సాలు మన్నుతో అంతకన్నా ఎక్కువ తేడా కనబడితేనే అది లెక్కలోకి వస్తుంది.